తాతగారి యుద్ధం నాటి ఉత్తరాలు దొరికాయా? చదవడం తర్వాత, ముందు కవరు చూడండి

అటక మీది ట్రంకుపెట్టెలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఉత్తరాల కట్ట దొరికితే ఎవరైనా మొదట చేసే పని విప్పి చదవడమే. అది కాస్త ఆపండి. చదివితే ఏం కనపడుతుందో నేనే చెప్పేస్తాను: "ఉభయకుశలోపరి. నేను ఇక్కడ క్షేమం. మీ క్షేమం తెలుపవలెను. పంపిన డబ్బు ముట్టినదీ లేనిదీ వ్రాయవలెను. ఎద్దులు ఎలా ఉన్నవి. చిన్నవాడిని బడిలో వేసితిరా." దాదాపు అన్ని ఉత్తరాలూ ఇంతే. మనిషి ఎక్కడున్నాడో ఉండదు, ఏం పని చేస్తున్నాడో ఉండదు, పక్కన బాంబులు పడుతున్నాయో లేదో అసలే ఉండదు. రాయకూడదని ఆర్డరు, అందుకే రాయలేదు. అది తెలియక చాలామంది నాలుగు ఉత్తరాలు చదివి "ఏముంది, అన్నీ ఒకటే" అని మళ్ళీ కట్టకట్టి పైన పడేస్తారు. ఎక్కడ, ఎప్పుడు, ఏ పటాలంలో అనే మూడింటికీ జవాబు చాలావరకు కవరు మీదే ఉంటుంది.

బెంగళూరు తెలుగువాళ్ళకి ఇది మరీ దగ్గరి విషయం. హలసూరు చెరువు పక్కనున్న ఎంఈజీ (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్), అంటే సైన్యంలో వంతెనలు, దారులు వేసే పాత మద్రాస్ సాపర్లు, 1834 నుంచి ఈ ఊళ్ళోనే ఉన్నారు. అనంతపురం, చిత్తూరు, ఉత్తర సర్కారు జిల్లాల నుంచి కుర్రాళ్ళు వచ్చి ఇక్కడే చేరి, ఇక్కడే ట్రైనింగ్ అయి, ఇక్కడి నుంచే బాగ్దాదుకీ బర్మాకీ ఇటలీకీ వెళ్ళారు. తిరిగొచ్చినవాళ్ళలో కొందరు చెరువు చుట్టుపక్కలే ఇళ్ళు కట్టుకున్నారు. కాబట్టి ఆ కాగితాలు మీ ఊళ్ళో పాతింట్లోనే ఉండాలని లేదు, హలసూరులో పిన్నిగారి బీరువాలో కూడా ఉండొచ్చు, ఒకసారి అడగండి.

ముందు కాగితాన్ని కాపాడుకోండి

చేతులు కడిగి, బాగా తుడుచుకుని, పెద్ద బల్ల మీద పాత కాటన్ దుప్పటి పరవండి. గ్లవుజులు అక్కర్లేదు, వాటితో పట్టుకుంటేనే అంచులు చిరుగుతాయి. తుప్పు పట్టిన గుండుసూదులు ఉంటే లాగకండి, మెల్లగా వెనక్కి తిప్పి తీయండి. చిరిగినచోట సెల్లోటేపు వేయకండి. లామినేషన్ మాట ఎత్తిన బంధువు ఎవరైనా ఉంటే కట్టని వాళ్ళకి అందనంత ఎత్తులో పెట్టండి. మా చుట్టాల్లో ఒకళ్ళు ప్రేమకొద్దీ డిశ్చార్జి సర్టిఫికెట్‌ని లామినేట్ చేయించారు, ఇప్పుడది లోపలే పసుపెక్కిపోయింది, బయటికి తీద్దామంటే కాగితం ప్లాస్టిక్‌తో పాటే ఊడొస్తుంది.

స్టాంపుల కోసం కవర్లని నీళ్ళలో నానబెట్టే అలవాటు ఉన్న పిల్లలుంటే ముందే చెప్పి ఉంచండి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆ రోజుల్లో చాలామంది ఊదారంగు పెన్సిలు వాడేవారు, పొడిగా ఉన్నంతసేపు మామూలు పెన్సిలు రాతలాగే బూడిదరంగులో కనిపిస్తుంది, తడి తగిలితే ఊదా సిరాగా మారి పాకిపోతుంది. తడిగుడ్డతో తుడవడం గానీ నోటితో ఊదడం గానీ వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: ఏ కవరులో ఏ ఉత్తరం ఉందో అది అందులోనే ఉండాలి. బయటికి తీసే ముందే కవరుకో నంబరు ఇచ్చి, చిన్న చీటీ మీద పెన్సిలుతో రాసి, అదే నంబరు చీటీ ఉత్తరంతో కూడా పెట్టండి. కవరు మీద తేదీ, చోటు ఉంటాయి, లోపల మాటలు ఉంటాయి. రెండూ విడిపోతే ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఫోటోలు ఫోనుతో తీసినా చాలు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా, కవరు ముందు వెనక, ఉత్తరం ప్రతి పుట. ఖాళీగా కనిపించే వెనక పుట కూడా వదలకండి, ఒక్కోసారి మూలన ఎవరో వేసిన లెక్క ఉంటుంది. స్కానరు ఉంటే 600 డీపీఐ పెట్టండి. మడత దగ్గర పెళుసైపోయి విడిపోతుంటే బలవంతంగా విప్పకండి, పాత వారసత్వ సంపదని కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ళ పరిరక్షణ కేంద్రం బెంగళూరులోనే ఉంది, అలాంటివి ఒకటో రెండో ఉంటే వాళ్ళ సలహా అడగడం మేలు.

ఇప్పుడు కవరు

పంపినవాడి చిరునామాలో ఊరి పేరు ఉండదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, దాని కింద మూడు నాలుగు పొడి అక్షరాలు, అంతే. ఆ పొడి అక్షరాలే మనకి పటం. ఎం.ఇ.ఎఫ్. అని ఉంటే మిడిల్ ఈస్ట్ ఫోర్స్, అంటే ఈజిప్టు, లిబియా, పాలస్తీనా, సిరియా వైపు. పైఫోర్స్ అని ఉంటే ఇరాన్, ఇరాక్, ఆ పేరు వచ్చింది 1942లో, కాబట్టి ఉత్తరం దానికి ముందుది కాదు. సి.ఎం.ఎఫ్. అంటే సెంట్రల్ మెడిటరేనియన్ ఫోర్స్, ఎక్కువగా ఇటలీ, తర్వాత గ్రీసు కూడా. ఎస్.ఇ.ఎ.సి. అని ఉంటే మౌంట్‌బాటెన్ కింది ఆగ్నేయాసియా కమాండ్, అది పని మొదలుపెట్టింది 1943 నవంబరులో, అంటే బర్మా వైపు. అదే తూర్పు వైపు ఉత్తరాల్లో ఏదో నంబరు వేసి ఏ.బి.పి.ఓ. అని కూడా కనిపిస్తుంది, అడ్వాన్స్ బేస్ పోస్టాఫీసు అని. ఇక బి.సి.ఓ.ఎఫ్. అని ఉండి 1946 గానీ 1947 గానీ ముద్ర ఉంటే కంగారు పడకండి, యుద్ధం అయిపోయాక జపాన్‌లో కాపలాకి వెళ్ళిన కామన్వెల్త్ సేనల్లో మనవాళ్ళూ ఉన్నారు. యుద్ధం అయిపోయినా కొడుకు ఎందుకు రాలేదని ఆ రెండేళ్ళు ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డారో ఊహించుకోవచ్చు.

తర్వాత గుండ్రటి పోస్టు ముద్ర. అందులో ఎఫ్.పి.ఓ. అని, ఒక నంబరు, తేదీ ఉంటాయి. ఫీల్డ్ పోస్టాఫీసు అది. సైన్యంతో పాటే కదిలేది, ఇవాళ ఎడారిలో, ఆర్నెల్ల తర్వాత ఇంకో దేశంలో, నంబరు మాత్రం అదే. అందుకని నంబరొక్కటే సరిపోదు, నంబరూ తేదీ రెండూ కలిపి చూడాలి. ఏ నంబరు ఏ తేదీకి ఎక్కడుందో స్టాంపుల సేకరణ చేసేవాళ్ళు దశాబ్దాల తరబడి జాబితాలు తయారుచేసి పెట్టారు. చరిత్ర ప్రొఫెసర్ల కంటే ఈ విషయంలో వాళ్ళే నయమని నా అభిప్రాయం. బెంగళూరు జీపీఓలో ఫిలాటెలీ బ్యూరో ఉంది, కర్ణాటక ఫిలాటెలిక్ సొసైటీ ఉంది, చెన్నైలో ఉన్నవాళ్ళకి సౌత్ ఇండియా ఫిలాటెలిస్ట్స్ అసోసియేషన్ ఉంది. మిలటరీ పోస్టు మీద ఆసక్తి ఉన్న పెద్దాయన ఒక్కరు తగిలితే చాలు, ముద్ర ఫోటో చూపించగానే సగం కథ ఆయనే చెబుతారు. స్పష్టంగా తీసిన ఫోటో మాత్రమే పట్టుకెళ్ళండి, అసలు కవరు ఇంట్లోనే ఉంచండి.

మూడోది సెన్సారు ముద్ర. చిన్న ముద్రలో నంబరు, పక్కన ఎవరో ఆఫీసరు పొడి సంతకం, కవరు ఒక పక్క కోసి మళ్ళీ కాగితం పట్టీ అంటించిన గుర్తు. తెలుగులో రాసిన ఉత్తరం తెలుగు చదవగలిగినవాడి చేతికి వెళ్ళాలి కాబట్టి ఆలస్యం మామూలే. ముద్ర మీది తేదీకీ, ఉత్తరం పైన రాసుకున్న తేదీకీ, మన ఊరి పోస్టాఫీసు వెనకవైపు కొట్టిన తేదీకీ మధ్య తేడా రాసిపెట్టుకోండి. ఇంట్లో జవాబు కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశారో దాన్నిబట్టి లెక్క తేలుతుంది, రెండు మూడు ఉత్తరాలు ఒకేరోజు చేరిన సంగతి కూడా అప్పుడే బయటపడుతుంది.

కవరే లేకుండా అరచేతిలో పట్టేంత, ఫోటోలాంటి కాగితం దొరికితే అది ఎయిర్‌గ్రాఫ్. సైనికుడు పెద్ద ఫారం మీద రాసేవాడు, దాన్ని కొడాక్ వాళ్ళ పద్ధతిలో సూక్ష్మ ఫిల్ము మీదకెక్కించి విమానంలో పంపి, చేరాల్సిన చోట మళ్ళీ చిన్న ఫోటోగా తీసి పంచేవారు. విమానంలో బరువు కలిసొస్తుందని 1941లో మధ్యప్రాచ్యంలోని సైన్యానికీ బ్రిటన్‌కీ మధ్య మొదలుపెట్టారు, 1945లో ఆపేశారు. చదవడానికి భూతద్దం కావాలి.

మనియార్డరు కూపన్లు దొరికితే చిత్తుకాగితాలని పారేయకండి. జీతంలో కొంత ఇంటికి వెళ్ళేలా సైనికుడు రాసిచ్చేవాడు, దానికి ఫ్యామిలీ అలాట్‌మెంట్ అని పేరు. అది కాక విడిగా డబ్బు పంపినప్పుడు కూపన్ మీద రెండు ముక్కలు రాయడానికి జాగా ఉండేది. ఉత్తరంలో రాయడానికి తీరిక లేనివాడు కూడా కూపన్ మీద "అప్పు తీర్చి కాగితం తీసుకొనవలెను" అని రాసేవాడు. అవి కూడా ఉత్తరాలే, వాటికీ నంబరు ఇవ్వండి.

తేదీ లేని ఉత్తరానికి తేదీ కట్టడం

కవరు పోయిన ఉత్తరాల సంగతి ఇది. మనవాళ్ళు ఇంగ్లీషు తేదీకి బదులు సంవత్సరం పేరు వేసిన సందర్భాలు ఉంటాయి, అది మన అదృష్టం. విక్రమ అంటే 1940లో ఉగాది నుంచి, వృష 1941, చిత్రభాను 1942, స్వభాను 1943, తారణ 1944, పార్థివ 1945, వ్యయ 1946. ఒక్క జాగ్రత్త: సంవత్సరం మారేది ఉగాదికి కాబట్టి "తారణ పుష్య మాసం" అంటే ఇంగ్లీషు లెక్కలో 1944 చివరో 1945 జనవరో అవుతుంది. తిథి కూడా ఉంటే పాత పంచాంగమో, ఇప్పుడు ఫోన్లో దొరికే పంచాంగం యాపో చూసి కచ్చితమైన రోజు పట్టుకోవచ్చు. అంకెలు తెలుగులో ఉంటే, ౧౯౪౪ లాగా, వాటిని ముందు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి, ౩, ౭, ౬, ౯ దగ్గర కళ్ళు మోసం చేస్తాయి.

లోపలి మాటల్లోనూ పట్టు దొరుకుతుంది. "విశాఖపట్నములోను కాకినాడలోను బాంబులు పడినవని వింటిని, మీరు జాగ్రత్త" అని ఉంటే అది 1942 ఏప్రిల్ 6 తర్వాతది, ఆ రోజే జపాన్ విమానాలు ఆ రెండు రేవుల మీద బాంబులు వేశాయి. ఇంత విచిత్రం చూడండి, యుద్ధానికి వెళ్ళినవాడు ఎడారిలో కూర్చుని ఇంటిదగ్గరివాళ్ళ ప్రాణాలకి భయపడ్డాడు. చిరునామాలో జిల్లా పేర్లు కూడా చూడండి. ఇంగ్లీషులో వైజాగపటం, కొకనాడా, బెజవాడ, కడప్పా అని ఉండటం సహజం, కానీ శ్రీకాకుళం జిల్లా అని ఉంటే ఆ కాగితం 1950 తర్వాతదే, ఎవరో తర్వాత ఈ కట్టలో కలిపారన్నమాట.

గొలుసుకట్టు రాత చదవడం

మూడొంతుల మంది ఇక్కడే చేతులెత్తేస్తారు. అక్షరాలు విడదీయకుండా, కలం ఎత్తకుండా, పదాల మధ్య సందు లేకుండా రాసిన రాత అది. మొదటిసారి చూస్తే తెలుగేనా అనిపిస్తుంది. దీనికో కిటుకు ఉంది. ఉత్తరం మొదలూ చివరా అందరికీ ఒకటే మూసలో ఉంటాయి: మ॥రా॥రా॥శ్రీ తండ్రిగారి పాదములకు, అనేక నమస్కారములు, ఉభయకుశలోపరి, వ్రాయునది ఏమనగా, ఇంతే సంగతులు చిత్తగించవలెను. ఆ మాటలు ముందే తెలుసు కాబట్టి వాటిలో మీ తాతగారు 'వ' ఎలా రాశారు, 'మ' ఎలా రాశారు, ఒత్తులు ఎటు లాగారు అని చూసి ఒక పట్టిక తయారుచేసుకోండి. ఆ పట్టిక దగ్గర పెట్టుకుని మధ్యలో ఉన్న అసలు సంగతికి రండి. ఒక ఉత్తరం పూర్తిగా పట్టుబడితే మిగతావి వేగంగా సాగుతాయి. గట్టిగా బయటికి చదవండి, కంటికి అర్థం కానిది ఒక్కోసారి చెవికి అర్థమవుతుంది, ఎందుకంటే చాలామంది మాట్లాడినట్టే రాశారు.

ఒకే మనిషి పేరుతో ఉన్న ఉత్తరాల్లో చేతిరాత మారిపోతే అనుమానపడకండి. రాయడం రానివాళ్ళు కంపెనీలో చదువుకున్న తోటివాడితో రాయించుకునేవారు. ఇంటిదగ్గర కూడా అంతే, పోస్టుమానో బడిపంతులో చదివి వినిపించి జవాబు రాసిపెట్టేవాడు. అంటే భార్యాభర్తల మధ్య మాట కనీసం ఇద్దరు బయటివాళ్ళ నోటా చేతా నడిచింది, పైన సెన్సారొకడు. ఇంతమంది మధ్య ఎవరు మాత్రం మనసులో మాట రాస్తారు? అందుకే భార్య పేరు ఎక్కడా కనిపించదు. ఉత్తరం తండ్రి పేరనో అన్న పేరనో ఉంటుంది, లోపల ఎక్కడో "చిన్నవాడి తల్లికి ఒంట్లో ఎలా ఉన్నది" అని ఒక్క ముక్క ఉంటుంది. ఆవిడకి చేరాల్సిన వాక్యం అదొక్కటే. చదివేటప్పుడు అలాంటి వాక్యాల కింద గీత పెట్టుకోండి, కాపీ మీద మాత్రమే సుమా.

సెన్సారు కొట్టేసినచోట ఏం చేయాలి

మా పెద్దతాత ఉత్తరం ఒకటుంది. కవరు మీద సి.ఎం.ఎఫ్., ముద్రలో 1944 జనవరి. "నిన్న రాత్రి ఆకాశము నుండి ఉప్పు వంటిది కురిసినది, చేత పట్టిన నీరైనది" అని రాశాడు, మంచుని అంతకుముందు చూసినవాడు కాదు. దాని తర్వాత ఒకటిన్నర వరుస నల్లసిరాతో పూర్తిగా పూసేశారు. ఆ నలుపు అయిపోగానే ఉన్న వాక్యం: "ఈ సంగతి అమ్మకు చెప్పవద్దు."

ఇలాంటిది మీకూ తగలొచ్చు. వెనక నుంచి దీపం పెట్టి చూడండి, పక్క నుంచి ఏటవాలుగా టార్చి వేసి చూడండి, కాగితం వెనక్కి తిప్పి కలం నొక్కుడు గుర్తులు కనిపిస్తాయేమో చూడండి. రాసిన సిరా ఒకటి, పూసిన సిరా ఇంకొకటి కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలో కింది రాత బయటపడే అవకాశం ఉంది, పరిరక్షణ కేంద్రాల్లో అడగొచ్చు. మాదాంట్లో మాత్రం ఏమీ కనపడలేదు. నిమ్మరసం, స్పిరిటు, బ్లీచింగు లాంటి సొంత వైద్యం చేయకండి, పై నలుపు పోయేలోపు కిందిది పోతుంది.

సెన్సారువాళ్ళ గురించి మరో సంగతి. వాళ్ళు కొట్టేయడమే కాదు, సిపాయిల మనసు ఎలా ఉందో తెలుసుకోవడానికి ఉత్తరాల్లోంచి వాక్యాలు ఏరి ఇంగ్లీషులోకి మార్చి పైవాళ్ళకి నివేదికలు పంపేవారు. మొదటి యుద్ధంలో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఉత్తరాలకీ, రెండో యుద్ధంలో మధ్యప్రాచ్యం నుంచి వచ్చినవాటికీ అలాంటి నివేదికలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. ఇంటికి చేరిన ఉత్తరం పోయినా, అందులోని ఒక వాక్యం రాసినవాడి పేరు లేకుండా అక్కడ మిగిలి ఉండొచ్చు.

సర్వీసు నంబరుతో ఆఫీసులకి రాయడం

పేరు కంటే నంబరు ముఖ్యం. ఇంగ్లీషులో పేరు ప్రతి కాగితంలోనూ ఒక్కోలా రాశారు, వెంకటస్వామి అనే పేరుని ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ రాశారు. కవరు, పే బుక్కు, డిశ్చార్జి సర్టిఫికెట్, మనియార్డరు కూపన్, ఎక్కడ నంబరు కనిపించినా రాసుకోండి. యూనిట్ పేరులో పొడి అక్షరాలకి అర్థాలు: ఎస్.పి.ఆర్. అంటే సాపర్, ఎఫ్.డి. సి.ఓ.వై. అంటే ఫీల్డ్ కంపెనీ, ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అంటే సప్లై, రవాణా చూసే సర్వీస్ కోర్, ఐ.పి.సి. అంటే రోడ్లు, మోతలు లాంటి కాయకష్టం చేసే పయనీర్ కోర్.

బెంగళూరులో ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. సాపర్లకి ఎంఈజీ రికార్డ్స్, సర్వీస్ కోర్ దక్షిణాది వాళ్ళకి ఏఎస్‌సీ రికార్డ్స్, పయనీర్లకి పయనీర్ రికార్డ్స్, మూడూ ఈ ఊళ్ళోనే. మద్రాస్ రెజిమెంట్‌కి మాత్రం నీలగిరిలోని వెల్లింగ్టన్‌కి రాయాలి. ఉత్తరంలో నంబరు, ర్యాంకు, పేరు రకరకాల స్పెల్లింగులతో, తండ్రి పేరు, అప్పటి ఊరు తాలూకా జిల్లా, చేరిన ఏడాది వదిలిన ఏడాది తెలిస్తే అవీ, మీకు ఆయన ఏమవుతారో చూపించే కాగితం నకలు పెట్టండి. నేరుగా గేటు దగ్గరికి వెళ్ళి "మా తాత మీ దగ్గర పనిచేశాడు" అంటే సెంట్రీ ఏమీ చేయలేడు పాపం, ముందు రాసి, జవాబు వచ్చాక వెళ్ళండి.

ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాలి. యుద్ధానికని చేరి, అది అయిపోగానే పెన్షన్ లేకుండా ఇంటికొచ్చినవాళ్ళ ఫైళ్ళు నియమం ప్రకారం 25 ఏళ్ళ తర్వాత తీసేశారు. "రికార్డు లేదు" అని జవాబు వస్తే అక్కడితో వదిలేయకండి, లాంగ్ రోల్‌లో ఉన్న వివరం ఇమ్మని మళ్ళీ రాయండి. ఫైలు పోయినా ఆ పెద్ద రిజిస్టరులో ఒక వరుస మిగిలి ఉండే అవకాశం ఉంది, చేరిన తేదీ, వదిలిన తేదీ తెలిసినా మనకి చాలు. ఒక ఆఫీసు నుంచి మాకు జవాబు రావడానికి ఉగాది వెళ్ళి సంక్రాంతి వచ్చింది, అది కూడా రెండుసార్లు గుర్తుచేస్తే.

యూనిట్ తెలిశాక, ఆ యూనిట్ రోజువారీ ఏం చేసిందో వార్ డైరీల్లో ఉంటుంది. లండన్‌లో క్యూ (Kew) అనే పేటలో ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో అవి ఉన్నాయి, వరుసల నంబర్లు ఇవి: డబ్ల్యూఓ 169 మధ్యప్రాచ్యం, డబ్ల్యూఓ 170 ఇటలీ, డబ్ల్యూఓ 172 ఆగ్నేయాసియా. వాళ్ళ కేటలాగు ఇంట్లోనే కూర్చుని వెతకొచ్చు. మన నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో కూడా వెతకండి. డైరీలో మామూలు సిపాయి పేరు ఉండదు, కానీ ఫలానా రోజు ఫలానా నది మీద వంతెన కట్టారని ఉంటుంది, ఆ రోజు ముద్ర ఉన్న కవరు మీ చేతిలో ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే క్షేమం అనే మాటకి బరువు తెలుస్తుంది. ఇటలీ కవర్లు ఉన్నవాళ్ళు ముఖ్యంగా 1944 ఫిబ్రవరి చూడండి. నాలుగో ఇండియన్ డివిజన్ కసీనో దగ్గరుంది, మద్రాస్ సాపర్ల 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీకి చెందిన సుబేదార్ సుబ్రమణ్యం ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర తోటివాళ్ళని కాపాడటానికి పేలబోతున్న మందుపాతర మీద పడి ప్రాణాలిచ్చాడు, జార్జ్ క్రాస్ అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. ఆ నెలలో అక్కడి నుంచి వచ్చిన ఉత్తరంలో కూడా "నేను ఇక్కడ క్షేమం" అనే ఉంటుంది.

ఉత్తరాలు ఉన్నట్టుండి ఆగిపోతే

కట్టని తేదీల ప్రకారం పేర్చాక మధ్యలో పెద్ద ఖాళీ కనిపిస్తే ఆ ఖాళీనీ చదవాలి. 1942 ఫిబ్రవరి నుంచి 1945 ఆఖరు దాకా ఏమీ లేకపోతే సింగపూర్ గుర్తుకు రావాలి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయినప్పుడు వేలకి వేలు భారతీయ సైనికులు జపాన్‌కి బందీలయ్యారు, వాళ్ళలో చాలామంది తర్వాత ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. ఇంటికి "ఆచూకీ లేదు" అనే కాగితం ఒకటి వచ్చి ఉంటుంది. జపాన్ బందీల కార్డులైతే అచ్చువేసిన వాక్యాలతో, నాలుగు ముక్కల్లో ఉంటాయి. జర్మనీ వైపు బందీ అయి ఉంటే కార్డు మీద క్రీగ్స్‌గెఫాంగెనెన్‌పోస్ట్ అని పెద్ద మాట ఉంటుంది, అంటే యుద్ధఖైదీల టపా.

తిరిగి రానివాళ్ళ విషయంలో కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో మృతుల జాబితా ఉంది, ఉచితం. పేరుతో దొరక్కపోతే నంబరుతో, అదీ కాకపోతే రెజిమెంటు పేరుతో వెతకండి. తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసి ఉన్న వివరాలు చాలా ఉన్నాయి, స్పెల్లింగు మాత్రం దొరవారి చెవికి ఎలా వినపడితే అలా. దహనం చేసినవాళ్ళకి సమాధి ఉండదు కాబట్టి పేరు స్మారకం మీద చెక్కి ఉంటుంది. బర్మాలో పోయినవాళ్ళకి రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో, మలయా వైపు వాళ్ళకి సింగపూర్‌లో క్రాంజీలో. చెన్నైలో నందంబాక్కం యుద్ధ శ్మశానం ఉంది, చూడదగ్గ చోటే గానీ విదేశంలో పోయినవాళ్ళ పేరు కోసం అక్కడికి వెళ్ళే ముందు ఆ వెబ్‌సైటు చూసి వెళ్ళండి.

ఇంట్లో పెద్దవాళ్ళని అడగడం

ఇది చివర రాశాను గానీ మీరు వాయిదా వేయకండి. ఉత్తరాలు ఇంకో పదేళ్ళు పెట్టెలో ఆగుతాయి, తొంభై దాటిన మేనత్తగారు ఆగుతారో లేదో. "యుద్ధం గురించి చెప్పండత్తయ్యా" అంటే "నాకేం తెలుసురా" అంటారు, నిజంగానే యుద్ధం ఆవిడకి తెలియదు. మనియార్డరు ఎవరు తెచ్చేవాడు, ఎన్ని రూపాయలు వచ్చేవి, ఉత్తరం ఎవరు చదివేవారు, ఎక్కడ కూర్చుని వినేవారు, వినేటప్పుడు మీ అమ్మగారు ఎక్కడ ఉండేవారు, ఇలా అడగండి. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వినేదని ఒక్క ముక్క వస్తే చాలు, తర్వాత మీరు మాట్లాడాల్సిన పని ఉండదు. ఫోనులో రికార్డు పెట్టి, ఫ్యాను ఆపేసి, మధ్యలో తేదీలు సరిదిద్దకుండా వినండి. ఉత్తరం నకలు పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఆవిడ చేతికివ్వండి, చదవలేకపోతే మీరు చదివి వినిపించండి. సైన్యంలో చేరినవాళ్ళు ఎక్కువగా ఉండి మిలటరీ మాధవరం అని పేరుపడిన పశ్చిమ గోదావరి ఊరిలాంటి చోట మీ బంధువులుంటే ఇంకా సులువు, అక్కడ పక్కింట్లో కూడా ఇదే కథ ఉంటుంది.

దాచడం, పంచడం, అమ్మడం

దాచడానికి ప్లాస్టిక్ కవర్లలో పీవీసీవి వద్దు, పాలిస్టర్‌వి గానీ ఆమ్లం లేని కాగితం కవర్లు గానీ వాడండి. చెన్నై ఉక్కకీ బెంగళూరు వానాకాలం చెమ్మకీ కాగితం తట్టుకోలేదు, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి వానలకి ముందొకసారి, తర్వాతొకసారి మార్చండి. కలరా ఉండలు వేస్తే కాగితానికి తగలకుండా గుడ్డలో కట్టి మూలన పెట్టండి. బాత్రూం గోడని ఆనుకున్న బీరువాలో పెట్టకండి.

స్కాన్‌లు అన్నదమ్ముల పిల్లలందరికీ పంపండి, ఒక్కడి ఫోనులోనే ఉంటే ఫోనుతో పాటే పోతాయి. ఫైలు పేరులో తేదీ, నంబరు, ఎవరి నుంచి ఎవరికి అనేది ఉండాలి, ఐఎంజీ 4021 లాంటి పేర్లు మూడేళ్ళ తర్వాత మీకే అర్థం కావు. సాపర్ల ఉత్తరాలైతే ఎంఈజీ మ్యూజియంకి ఒక కాపీ ఇవ్వడానికి ముందుగా రాసి అడగండి.

కొన్ని కవర్లకి స్టాంపుల మార్కెట్లో మంచి ధర పలుకుతుంది, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అమ్మడం తప్పని నేననను, ఇంటి అవసరాలు ఇంటివి. కానీ కొనేవాళ్ళకి సాధారణంగా కవరే కావాలి, లోపలి తెలుగు కాగితం అక్కర్లేదు. అన్నీ స్కాన్ అయ్యేదాకా ఏదీ ఇవ్వకండి. ఇస్తే కవరూ ఉత్తరమూ కలిపే ఇవ్వండి, విడదీసి అడిగితే ధర ఎంత చెప్పినా వద్దనండి.